సీటు రాలేదు సరే, ఇక ఏం చేద్దాం?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం ఏర్పాటుచేసిన కుటుంబ సమావేశంలో ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారి చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కిన హక్కు అని స్పష్టం చేసింది. ఏటా ఈ రోజున మనం డి.ఆర్. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు నాకు వేరే విషయం అప్పగించారు. "మన సభ్యుల ఇళ్లలో పిల్లలు ఫైనాన్స్‌లో మాస్టర్స్ చదవాలని దరఖాస్తులు పెడుతున్నారు. కొందరికి ఒక్కచోట కూడా సీటు రావడం లేదు. ఇళ్లలో అందరూ దిగాలుపడి కూర్చుంటున్నారు. మీరు బ్యాంకులో అప్పుల సెక్షన్‌లో చాలాకాలం పనిచేశారు కదా, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు.

ఇది పిల్లల విషయం, మనకెందుకు అని కొందరనుకోవచ్చు. కాని ఇవాళ పిల్లల చదువు విషయంలో తాతగారి సంతకం, తాతగారి ఇల్లు, తాతగారి డిపాజిట్లు కూడా లెక్కలోకి వస్తున్నాయి. కనుక ఇది మన విషయం కూడా.

మొట్టమొదట సీటు రాలేదని తెలిసిన వారం పది రోజుల సంగతి మనవి చేస్తాను. ఆ రోజుల్లో పిల్లవాడికి సలహాలు వద్దు. "పక్కింటి అబ్బాయికి వచ్చిందట" అన్న మాట అసలే వద్దు. వేళకు భోజనం పెట్టండి, సాయంత్రం మీతోపాటు నడకకు తీసుకువెళ్లండి, వాడు మాట్లాడితే వినండి. గదిలోంచి బయటకు రాకుండా, నిద్రపోకుండా, బతికి ప్రయోజనమేమిటన్నట్టు మాట్లాడుతుంటే మాత్రం అలకలే అనుకుని ఊరుకోకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బేమీ తీసుకోకుండా మాట్లాడతారు, తెలుగులో కూడా మాట్లాడతారు. ఏ సీటూ బిడ్డ కంటే ఎక్కువ కాదు.

ఆ పది రోజులు గడిచాక చేయవలసిన మొదటి పని, సీటు ఎందుకు రాలేదో ఆలోచించడం. విశ్వవిద్యాలయాలు సాధారణంగా కారణం చెప్పవు. "ఈ ఏడాది అర్హులైనవారు చాలామంది దరఖాస్తు చేశారు" అని మర్యాదగా ఒక ఉత్తరం రాసి ఊరుకుంటాయి. కాని కాగితాలు ముందేసుకుని కూర్చుంటే కారణాలు కొంతవరకు మనకే కనిపిస్తాయి.

ఒకటి, డిగ్రీ కాలం. మన బి.కాం. చాలాచోట్ల మూడేళ్లది. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు పదహారేళ్ల చదువు ఉండాలంటాయి. మనది పదిహేనేళ్లే అవుతుంది. ఇది పిల్లవాడి తెలివికి సంబంధించిన విషయం కాదు, కేవలం నిబంధన. దరఖాస్తు ఫీజు కట్టకముందే చూసుకోవలసిన సంగతి.

రెండు, లెక్కలు. ఈనాటి ఫైనాన్స్ అంటే జమాఖర్చులు, బ్యాలెన్సు షీటు మాత్రమే కాదు. క్వాంటిటేటివ్ ఫైనాన్స్ అని పేరుపెట్టిన కోర్సులకు సంభావ్యత, గణాంక శాస్త్రం, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కావాలి. ఇంటర్మీడియట్‌తో లెక్కలు వదిలేసిన పిల్లవాడు అలాంటి కోర్సుకు దరఖాస్తు పెడితే సీటు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మూడు, అనుభవం. కొన్ని కోర్సులు అప్పుడే డిగ్రీ అయినవారికోసం, కొన్ని ఉద్యోగం చేసినవారికోసం ఉంటాయి. లండన్ బిజినెస్ స్కూలునే తీసుకోండి. అక్కడ మాస్టర్స్ ఇన్ ఫైనాన్స్ ఉద్యోగానుభవం ఉన్నవారికి ఉద్దేశించినది, మాస్టర్స్ ఇన్ ఫైనాన్షియల్ అనాలిసిస్ కొత్త పట్టభద్రులకు ఉద్దేశించినది. పేర్లు చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. ఒకదానికి బదులు ఇంకొకదానికి పెడితే ఎంత మంచి విద్యార్థికైనా ప్రయోజనం ఉండదు.

నాలుగు, పరీక్ష మార్కు. జీమ్యాట్ పరీక్ష 2023 నవంబరులో కొత్త రూపంలోకి మారింది. ఇప్పుడు మార్కులు 205 నుంచి 805 దాకా ఉంటాయి. పాత పరీక్షలో 700 వచ్చినవారితో సమానమైన స్థానం కొత్త దానిలో దాదాపు 645కే వస్తుంది. కనుక "మీ బాబాయికి 700 వచ్చింది, నీకు 640 ఏమిటి" అని పోల్చడం సరికాదు. ఇంకొక మంచి మాట ఏమిటంటే, జీమ్యాట్, జీఆర్ఈ మార్కులు రెండూ ఐదేళ్లు చెల్లుతాయి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ రెండేళ్లు చెల్లుతాయి. ఈ ఏడు సీటు రాకపోయినా ఆ శ్రమ వృథా పోలేదన్నమాట. మన దేశంలోని క్యాట్ మాత్రం ఆ ఏటి ప్రవేశాలకే పనికివస్తుంది.

ఈ నాలుగూ చూసిన తరువాత కూడా కారణం కనిపించకపోవచ్చు. అన్నీ సరిగ్గా ఉండి సీటు రానివారూ ఉంటారు. సీట్లు పదుల్లో, దరఖాస్తులు వేలల్లో ఉన్నచోట అది తప్పదు. బస్సులో చోటు లేకపోతే ప్రయాణికుడి దగ్గర చిల్లర లేదని అర్థం కాదు కదా.

ఇక్కడ పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. ప్రపంచంలో పెట్టుబడుల విద్యకు పెద్ద పేరైన వారెన్ బఫెట్ గారికి 1950లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ సీటు ఇవ్వలేదు. అప్పటికి ఆయనకు 19 ఏళ్లు. తరువాత కొలంబియా విశ్వవిద్యాలయం పుస్తకం తిరగేస్తే, తాను అభిమానించి చదివిన గ్రంథకర్తలు బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ అక్కడే పాఠాలు చెబుతున్నారని తెలిసింది. ఆలస్యంగా దరఖాస్తు పెట్టినా చేర్చుకున్నారు. 1951లో డిగ్రీ వచ్చింది. చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. తరువాతి భాగమే మనకు ముఖ్యం. చదువయ్యాక గ్రాహం గారి దగ్గర జీతం లేకుండా పనిచేస్తానని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. బఫెట్ తన ఊరు ఒమాహాకు వచ్చి తండ్రిగారి బ్రోకరేజి కంపెనీలో అమ్మకాల పని చేశారు, సాయంత్రాలు అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. తనకు తోచిన విషయాలు గ్రాహం గారికి రాస్తూ వచ్చారు. చివరికి 1954లో గ్రాహం గారే పిలిచి ఉద్యోగం ఇచ్చారు.

మన పిల్లలందరూ బఫెట్‌లు అవుతారని నేను చెప్పడం లేదు. ఆయన చేసిన పని చూడమంటున్నాను. ఫలానా కళాశాల పేరు కోసం కాక, ఫలానా గురువు దగ్గర ఫలానా విద్య నేర్చుకోవాలని వెళ్లారు. కాదన్న కాలంలో ఖాళీగా కూర్చోలేదు.

ఇప్పుడు డబ్బు సంగతికి వస్తాను. పెన్షనర్లు ఈ భాగం కాస్త శ్రద్ధగా వినాలని కోరుతున్నాను.

మంచి చోట్ల సీటు రాని పిల్లవాడికి వారం తిరగకుండానే ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వస్తుంది. "ఫలానా దేశంలో, ఫలానా కాలేజీలో గ్యారంటీగా సీటు ఇప్పిస్తాం" అంటారు. అందరూ మోసగాళ్లని నేననను. కాని చాలామంది ఏజెంట్లకు పిల్లల్ని చేర్చినందుకు ఆ కాలేజీల నుంచే కమీషన్ వస్తుందని గుర్తుంచుకోవాలి. అడిగినవారందరికీ సీటిచ్చే చోటు గురించి రెండింతలు విచారించాలి. 2011లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీని అక్కడి అధికారులు మూయించినప్పుడు చిక్కుల్లో పడ్డ విద్యార్థుల్లో ఎక్కువమంది మన ఆంధ్రప్రదేశ్ పిల్లలే. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరు బయటికి వచ్చింది. అది వీసా అక్రమాలు పట్టుకోవడానికి అమెరికా అధికారులే నడిపిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. తరగతులు లేవు, పాఠాలు లేవు. అప్పుడు వందమందికి పైగా భారతీయ విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు, వారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. ఆ తల్లిదండ్రులు పడ్డ వేదన మనం పత్రికల్లో చదివాం.

సరే, కాలేజీ అసలైనదే అనుకుందాం. లెక్క చూద్దాం. 30 లక్షల రూపాయల విద్యారుణం, నూటికి సాలీనా 10 రూపాయల వడ్డీ అనుకోండి. చదువు కాలం, ఆ తరువాతి విరామం కలిపి రెండేళ్లు వాయిదాలు ఉండవు. కాని వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. మొత్తం సొమ్ము మొదట్లోనే తీసుకుంటే, సాధారణ వడ్డీ లెక్కన ఆ రెండేళ్లకు 6 లక్షలు చేరి అప్పు 36 లక్షలవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 47,600 రూపాయలు కట్టాలి. మొత్తం కట్టేది 57 లక్షల పైమాట. అక్కడ ఉద్యోగం దొరికితే ఇది మోయదగిన బరువే. దొరకక తిరిగివచ్చి ఇక్కడ 30 వేల జీతంలో చేరితే ఆ వాయిదా ఎవరు కట్టాలి?

హామీదారు కట్టాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. "నేను ఊరికే సంతకం పెట్టాను" అనే మాట చెల్లదు. ప్రభుత్వ పెన్షన్‌ను అప్పులవాళ్లు జప్తు చేయకుండా 1871 నాటి పెన్షన్ల చట్టం మనల్ని కాపాడుతుంది. కాని ఇల్లు తాకట్టు పెడితే ఇంటికి ఆ రక్షణ లేదు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తి మీద చర్య తీసుకోవచ్చు. ఇంకొక చిన్న విషయం. పాత పన్ను విధానంలో విద్యారుణం వడ్డీకి ఇచ్చే మినహాయింపు తనకు, భార్య లేక భర్తకు, పిల్లలకు తీసుకున్న అప్పుకే వస్తుంది. చట్టరీత్యా సంరక్షకుడిగా ఉంటే తప్ప మనవడి కోసం తాతగారు తీసుకున్న అప్పుకు రాదు.

అప్పే చేయవద్దని నా ఉద్దేశం కాదు. చదువు కోసం చేసే అప్పు మంచి అప్పే. కాని మంచి కోర్సులో సీటు వచ్చినప్పుడు చేసే అప్పు వేరు, సీటు రాలేదన్న అవమానం పోగొట్టుకోవడానికి చేసే అప్పు వేరు. రెండోది చేయవద్దని మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను.

మరైతే పిల్లవాడు ఏం చేయాలి? నాకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, మళ్లీ దరఖాస్తు పెట్టడం. దీనికి ఒక షరతు. నిరుటికీ ఇప్పటికీ తేడా ఉండాలి. లెక్కల్లో ఒక కోర్సు పూర్తిచేయాలి, లేదా ఏడాది ఉద్యోగం చేయాలి, లేదా మార్కు పెంచుకోవాలి. అవే కాగితాలు, అదే వ్యాసం మళ్లీ పంపితే అదే జవాబు వస్తుంది.

రెండోది, వృత్తి విద్యలు. సి.ఎ. మన దేశంలో 1949 నాటి చట్టం కింద నడుస్తోంది. కామర్స్ పట్టభద్రుడికి 55 శాతం, ఇతర పట్టభద్రులకు 60 శాతం మార్కులుంటే ఫౌండేషన్ రాయనక్కరలేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. కాస్ట్ అకౌంటెన్సీ, కంపెనీ సెక్రటరీ, ఆక్చువరీ చదువులు కూడా ఉన్నాయి. పెట్టుబడుల రంగమే కావాలనుకునేవారికి సి.ఎఫ్.ఎ. ఉంది. మూడు దశలు, హైదరాబాదులోనే రాయవచ్చు, ఉద్యోగం చేస్తూ చదవవచ్చు. కాని తేలిక అనుకోకండి. మొదటి దశలోనే ఇటీవలి సంవత్సరాల్లో రాసినవారిలో సగానికి పైగా తప్పుతున్నారు. ఈ చదువులన్నిటికీ ఒక మంచి గుణం ఉంది. చేరనివ్వడం దగ్గర అడ్డు తక్కువ, పరీక్ష దగ్గరే వడపోత. సీటు రాలేదన్న బాధ ఉన్న పిల్లవాడికి ఇది పెద్ద ఊరట.

మూడోది, ముందు ఉద్యోగం. బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. ఐబీపీఎస్ పరీక్షకు వయసు 20 నుంచి 30 లోపు ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవారికి సడలింపు ఉంది. చేరాక జేఏఐఐబీ, సీఏఐఐబీ రాసుకోవచ్చు. మన తరం బ్యాంకు ఉద్యోగులందరం ఆ పరీక్షలు పుస్తకాలు ముందేసుకుని రాత్రిళ్లు చదివి రాసినవాళ్లమే. వాటిని నిర్వహించే సంస్థ 1928 నుంచి ఉంది. షేర్ మార్కెట్ వైపు ఆసక్తి ఉంటే సెబీ 2006లో నెలకొల్పిన ఎన్ఐఎస్ఎం సంస్థ పరీక్షలున్నాయి. ఫీజు కొద్ది వేలు మించదు, పైగా కొన్ని ఉద్యోగాలకు అవి తప్పనిసరి.

నాలుగోది, ఇక్కడే పైచదువు. రెండు రాష్ట్రాల్లోనూ ఐసెట్ ద్వారా ఎం.బి.ఎ. చేయవచ్చు. 2015లో విశాఖపట్నంలో ఐఐఎం వచ్చింది. ఉద్యోగం చేస్తూ ఎం.కాం. చదవాలంటే 1985లో ఏర్పడిన ఇగ్నో ఉంది, 1982లో మొదలై నేడు మన హైదరాబాదులో అంబేద్కర్ పేరుతో నడుస్తున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది.

ఈ నాలుగింటిలో ఏది మంచిదని అడిగితే నేను చెప్పలేను, చెప్పకూడదు. మన సభ్యులొకరి ఇంట్లో జరిగింది మాత్రం, వారి అనుమతితో, పేరు లేకుండా చెబుతాను. అబ్బాయి బి.కాం., ఏడుచోట్ల పెట్టాడు, ఏడూ రాలేదు. ఒక ఏజెంటు 32 లక్షల ఖర్చుతో ఎనిమిదోచోట సీటు తెచ్చాడు. తాతగారు ఇంటి పత్రాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు, "బ్యాంకులో ఎవరినైనా చెప్పండి" అని. నేను బ్యాంకు మాట ఎత్తకుండా అబ్బాయిని రమ్మన్నాను. "బాబూ, ఈ ఎనిమిదో కాలేజీ ఏజెంటు చెప్పకముందు నీకు తెలుసా?" అన్నాను. తెలియదన్నాడు. "అక్కడ ఏం నేర్పుతారు?" అంటే పాఠ్యాంశాలు చూడలేదన్నాడు. "మరెందుకు వెళ్తానంటున్నావు?" అంటే కాసేపు నేలచూపులు చూసి, "ఫ్రెండ్సందరూ వెళ్లిపోతున్నారు తాతగారూ" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. మనలో ఎంతమంది నలుగురూ ఏమనుకుంటారోనని ఏదో ఒకటి చేయలేదు? వాడిని నేను కోప్పడలేదు. ఒక ఏడాది గడువు పెట్టుకోమన్నాను. ఇంటి పత్రాలు మళ్లీ బీరువాలోకి వెళ్లాయి. అబ్బాయి ఒక ఆడిటరుగారి దగ్గర చేరాడు, ఉదయం పూట గణాంక శాస్త్రం నేర్చుకుంటున్నాడు. వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెడతాడో, సి.ఎ.లోనే ఉండిపోతాడో వాడికే ఇంకా తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదు. ఏది ఎంచుకున్నా ఈ ఏడాది నేర్చుకున్నది పోదు.

నిర్ణయం చేసేటప్పుడు పిల్లవాడు ఒక కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలని నా సూచన. ఈ విద్య నాకు నిజంగా ఇష్టమా, లేక ఆ పేరు ఇష్టమా? ఇప్పుడు నాలో ఉన్న లోటు ఏమిటి, దాన్ని ఏ తేదీలోగా పూడుస్తాను? అనుకున్నది జరగకపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? మూడో ప్రశ్నకు జవాబు "తాతయ్య నెత్తిన" అని వస్తే ఇంకొకసారి ఆలోచించాలి. ఆ కాగితం మీద తేదీ వేసి దాచి, ఆరు నెలలకోసారి తీసి చూసుకోవాలి.

ఆర్థిక రంగానికి ఒకే గుమ్మం ఉందనుకోవడం పొరపాటు. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు వృత్తిరీత్యా వైద్యులు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా ఆయన పేరు మనం మరువలేదు. రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా పనిచేసిన మన తెలుగువారు వై.వి.రెడ్డి గారు, దువ్వూరి సుబ్బారావు గారు ఇద్దరూ ఐ.ఎ.ఎస్. నుంచి వచ్చినవారు. సుబ్బారావు గారు మొదట చదివింది భౌతిక శాస్త్రం. ఆర్థిక శాస్త్రం తరువాత చదువుకున్నారు.

పెద్దలకు నా చివరి మనవి. పిల్లల కోసం మన దగ్గరున్నది ఇవ్వాలనిపించడం సహజం. ఇవ్వండి. అయితే ముందుగా సమయం ఇవ్వండి, ధైర్యం ఇవ్వండి, మన ఉద్యోగ జీవితంలో ఎక్కడెక్కడ కాదనిపించుకుని మళ్లీ నిలబడ్డామో చెప్పండి. ప్రమోషన్ రానప్పుడు, బదిలీ మీద కుటుంబాన్ని వదిలి వెళ్లినప్పుడు మనం ఎలా నెట్టుకొచ్చామో వాళ్లకు తెలియదు. ఇంటి పత్రాలు ఆఖరున ఇవ్వవలసినవి. ముసలితనంలో మన ఇంట్లో మనం ఉండటం కూడా పిల్లలకు మనం చేసే సాయమే.

పిల్లలకు ఒక్క మాట. నాయనా, అమ్మా, మీకు కాదని చెప్పింది ఒక కమిటీ. అది మీ దరఖాస్తును కొద్ది నిమిషాలు చూసి ఉంటుంది. ఇంట్లో మిమ్మల్ని ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాళ్లున్నారు. ఎవరి మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలో మీరే లెక్క వేసుకోండి. లెక్కలు వచ్చినవాళ్లే కదా మీరు.

ఎవరింట్లోనైనా ఇలాంటి కాగితాలుంటే, సంతకం పెట్టకముందు, మన సంఘం ఆఫీసుకు తీసుకురండి. ఆదివారం ఉదయం నేనుంటాను, మన బ్యాంకు మిత్రులు ఇంకొందరుంటారు. కలిసి చదువుదాం. కాఫీ సంఘం ఖర్చు.